కోట గోడలో పిట్ట

చీనా పోయి వచ్చానంటే మా గోదావరిఖనిలో అందరూ అడిగేది ఒకటే, పాములు తిన్నావా అని. తినలేదు మహాప్రభో! అన్నమే తిన్నాను. అక్కడ నాకు జరిగింది వేరే. దాన్ని సగం విని నవ్వే వాళ్లే గానీ, చివరిదాకా వినేవాడు దొరకడు.

నా పేరు రఘుపతి. బొగ్గు బావిలో సర్దార్‌ను. షిఫ్టు మొదలయ్యే ముందు పొడుగాటి కర్రతో పైన బండను కొట్టి చూడటం నా పని. టంగుమంటే గట్టి బండ, మనుషులను లోపలికి పంపుతాను. బొద్దుమంటే డొల్ల, పంపను. ఇరవై రెండేళ్లు అదే పని. నా కింద పనిచేసినవాడికి ఒక్కడికీ గీత కూడా పడలేదు.

అలాంటిది చీనా పోయిన ఏడు వానాకాలం నుంచి ఎక్కడ కొట్టినా డొల్లగానే వినిపించసాగింది. మూడుసార్లు పని ఆపించాను. మూడుసార్లూ పైవాళ్లు వచ్చి చూసి, బండ భేషుగ్గా ఉందన్నారు. సర్దార్‌కు భయం పట్టిందని క్యాంటీన్‌లో నవ్వారు. ఒళ్లు మండిపోయింది. మండింది గానీ లోపల నాకే అనుమానం. నిజంగానే పిరికివాణ్ణి అయిపోయానా? ఇంకోసారి ఆపితే కర్ర తీసేసుకుంటారు. ఆపకుండా ఉంటే, ఆ ఒక్కసారే బండ నిజంగా డొల్లదైతే? ఎటూ తోచేది కాదు.

ఇంట్లో నా భార్య జమున గోల ఇంకొకటి.

"కుక్కర్ ఆరు కూతలు కూసింది. పక్కనే కూసున్నవ్, జర బంద్ చెయ్యరాదా?"

కూసిందా? నన్ను సాధించడానికి ఈమెకు ఏదో ఒకటి కావాలి అనుకునేవాణ్ణి.

ఆ గందరగోళంలో ఉండగానే, కొత్త మిషన్ల పని నేర్చుకోవడానికి కంపెనీ మమ్మల్ని ఎనిమిది మందిని చీనా పంపింది. అందులో మా మేనేజర్ అచ్యుతరావు గారు ఉన్నారు, నా షిఫ్టులో పనిచేసే నర్సింగం ఉన్నాడు. సెలవు రోజున అందరినీ బస్సెక్కించి, ఎడారి అంచున ఉన్న జియాయుగువాన్ కోటకు తీసుకుపోయారు. ఎటు చూసినా ఇసుక, రాళ్లు, మళ్లీ ఇసుక. ఒకప్పుడు వాళ్ల దేశం అక్కడితో ఆఖరట. పడమటి దర్వాజా దాటి పోయినవాడు తిరిగొస్తాడో రాడో ఎవరికీ తెలియదట.

గైడు పిల్ల ఇంగ్లీషులో చెప్పిన కథను అచ్యుతరావు గారు తెలుగు చేశారు.

"ఒక పిట్టల జంట ఇక్కడ గూడు కట్టుకుందంటయ్యా. ఓ సాయంత్రం ఒకటి ఆలస్యంగా వచ్చేసరికి తలుపులు మూసేశారంట. పాపం, గోడకి కొట్టుకుని చచ్చిపోయింది. రెండోది దిగులుతో పోయింది. ఇప్పటికీ రాయితో గోడని కొడితే ఆ పిట్ట కూత వినపడుద్దంట. పూర్వం సిపాయిల పెళ్లాలు ఇక్కడ కొట్టి చూసేవాళ్లంట. వినపడితే మనిషి క్షేమంగా తిరిగొస్తాడని."

మావాళ్లు తలా ఒక రాయి తీసుకుని కొట్టారు. "అబ్బ, కూసిందిరో!" అని ఒకటే సంబరం. నేనూ కొట్టాను. బొద్దుమంది.

ఇక ఏమీ ఆలోచించలేదు. "జరుగుండ్రి! డొల్ల!" అని గావుకేక పెట్టి, అచ్యుతరావు గారిని రెక్క పట్టి ఇవతలికి గుంజాను. ఆయన టోపీ ఎగిరి అవతల పడింది. చుట్టూ ఉన్న చీనావాళ్లు బెదిరి తలో దిక్కుకు పరుగెత్తారు.

"మతిపోయిందా నీకు? ఆరొందల ఏళ్ల నుంచి నిలబడ్డ గోడ, నువ్వు కొడితే కూలుద్దా?" అని ఆయన కసిరారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన టోపీ దులుపుకుంటూ వెళ్లాక, నేను మాత్రం గోడను వదల్లేదు. పని నేర్చుకున్న రోజుల్లో చెవి మీద అనుమానం వస్తే చేతిని అడిగేవాళ్లం. ఎడమ అరచెయ్యి బండకు ఆనించి, కుడిచేత్తో కొట్టాలి. డొల్లదైతే అరచేతికి అదురు తెలుస్తుంది. ఇప్పటి మా బావిలో పైబండ చేతికి అందదు, అందుకే ఆ అలవాటు పోయింది. గోడకు చెయ్యి ఆనించి కొట్టాను. అదురు లేదు. మళ్లీ కొట్టాను. చెయ్యేమో గట్టి అంటోంది, చెవేమో డొల్ల అంటోంది. దేన్ని నమ్మాలిరా దేవుడా!

అప్పుడు కుక్కర్ గుర్తొచ్చింది. ఆరు కూతల్లో ఒక్కటీ నేను వినలేదు.

నర్సింగం వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏందన్నా, నీకు పిట్ట కూసిందా?"

"కూసింది" అన్నాను. ఆ అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మంచిగైంది. నీకు భయం పట్టిందన్నోళ్లతోని నేను లడాయి పెట్టుకున్న, ఎరికేనా? మా అన్న చెవి ఎన్నడు తప్పు జెప్పది అన్న. నువ్వు పొమ్మంటే కండ్లు మూసుకొని లోపటికి పోత."

నా చేతిలోని రాయి అతని చేతిలో పెట్టాను.

"అబద్ధమాడిన నర్సింగం. నాకు వినబడలే."

"పరాష్కమాడకే! వినబడకపోవుడేంది?"

"నువ్వు కొట్టు."

కొట్టాడు. తల అడ్డంగా ఊపాను. ఇంకా గట్టిగా కొట్టాడు. నాకు అదే బొద్దు. పిట్ట కూసిందని అతని మొహం చూస్తే తెలిసింది.

"అంటే నువ్వు పిరికోనివి గాదే అన్నా" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. భయం కాదు, చెవులు పోయాయి. మాటలు వినబడుతున్నాయి గానీ, కూతలాంటి సన్నటి చప్పుడూ, బండ టంగుమనడమూ అందడం లేదు. ఇక ఆ కర్ర నాది కాదు.

"సారు ఎటు పోయిండు?" అని అడిగాను.