బోసి నొసటికి జవాబు

పంద్రాగస్టు నాడు బడికి రావద్దని అఖిల తల్లికి మరీ మరీ చెప్పింది.

"ఈసారి పేరెంట్స్‌ను పిలుస్తలేరమ్మా. నువ్వు రాకు."

ఎనిమిదో తరగతి చదివే పిల్ల. అబద్ధమాడేటప్పుడు జడ కొస నోట్లో పెట్టుకుంటుంది. కన్నతల్లికి ఆ సంగతి తెలియదా? రమ పిల్ల నోట్లోంచి జడ తీసి, "సరే బిడ్డా" అని ఊరుకుంది.

తీరా ఆ పొద్దున పాలకు పోతే, ఎదురింటి శారద ఎర్రచీర కట్టి, తలనిండా పూలు పెట్టి ఎదురొచ్చింది. "నువ్వింకా తయారు కాలేదా? మా పిల్ల మొన్ననే గీ బళ్ళె చేరింది గద, డాన్స్ చేస్తున్నది. మీ అఖిల పాట పాడుతదట గద" అంది. పాడుతుందట! ఆ ముక్క తల్లికి ఎదురింటామె చెప్పాలి. రమకు కోపం వచ్చింది. ఇంట్లోకి వచ్చి బూడిదరంగు నూలుచీర కట్టుకుంది. మోచేతుల దాకా ఉన్న జాకెట్టు చేతులు కిందికి లాక్కుని, కొంగు భుజాల నిండా కప్పుకుని బయల్దేరింది.

అత్త సత్యవ్వ గడపలో కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. కోడలిని పైనుంచి కిందికి చూసింది.

"గట్లనే పోతవా?"

"ఎట్ల పోవాలె అత్తమ్మా? చీర మంచిగనే ఉన్నది గద."

"చీరకేమైంది, చీర మంచిగనే ఉన్నది" అంటూ ముసలామె మళ్ళీ కాయల్లో తల దూర్చింది.

చీరతో ఏ పేచీ లేదు, నిజమే. పేచీ అంతా మిగతా వాటితోనే. రమకు నొసట బొట్టు లేదు. చెవులకు కమ్మల్లేవు, చేతులకు గాజుల్లేవు, మెడలో పుస్తెలు లేవు, కాళ్ళకు మట్టెలు లేవు. ఒకప్పుడు ఇవన్నీ ఉన్నవే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టిన పిల్ల ఆమె. ఇంటినిండా తెల్లగుడ్డ నేసేవాళ్ళు, ఆమె ఒంటిమీదకు మాత్రం చిలకపచ్చ, రాణిరంగు తప్ప ఎక్కేవి కావు. కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె గాజుల చప్పుడు గల్లీ చివరిదాకా వినబడేదని సత్యవ్వ ఇప్పటికీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఒక నిట్టూర్పు కూడా జోడిస్తుంది.

రమ మొగుడు రాజేశ్ మస్కట్‌లో ఉంటాడు. కరోనా కాలంలో అక్కడ ఆసుపత్రిలో పడ్డాడు. తోటివాళ్ళు ఫోన్ చేసి, "ఐసీయూల ఉన్నడు" అన్నారు. ఆ తర్వాత వాళ్ళూ ఫోనెత్తడం మానేశారు. ఆ దేశాల నుంచి మనుషులు శవాలై పెట్టెల్లో తిరిగిరావడం ఈ తట్టున ఎవరికీ కొత్త కాదు. ఆ రోజుల్లో అయితే ఆ పెట్టె కూడా రాని ఇళ్ళున్నాయి. సత్యవ్వ మొక్కని దేవుడు లేడు. రమకు మాత్రం మొక్కడానికి కూడా ఒంట్లో సత్తువ లేకపోయింది. అప్పుడు వెనక గల్లీ నుంచి బీడీలు చుట్టే నర్సక్క రోజూ వచ్చేది. ఆమె ఏసును నమ్మిన విశ్వాసి. వచ్చి రమ పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసి, అన్నం కలిపి తినిపించి వెళ్ళిపోయేది. ఒక సాయంత్రం ఫోన్ మోగింది. నీరసించిన గొంతుతో అవతలి మనిషి, "రమా, నేనే" అన్నాడు.

ఆ మాట విన్ననాడే రమ నిశ్చయించుకుంది. నర్సక్క వెళ్ళే సంఘంలో చేరి, జగిత్యాల దగ్గర బాప్తిస్మం తీసుకుంది. ఆ సంఘంలో ఆడవాళ్ళు నగలూ పూలూ బొట్టూ ముట్టరు. అలంకారం లోపల ఉండాలంటారు. ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు. పాస్టరు గారైతే ఇంట్లో అడిగి చేయమన్నాడు. ఫోన్‌లో రాజేశ్‌ను అడిగితే, "నీ ఇష్టం. నేను బతికిందే ప్రార్థనతోని" అన్నాడు. ఆమె ఒక్కొక్కటీ తీసి, పాత చీరలో చుట్టి పెట్టెలో పెట్టింది. అలా మొగుడు బతికినందుకు ఆమె బొట్టు తీసేసింది. కానీ ఆడదాని బోసి నొసటికి ఊరికి తెలిసిన అర్థం ఒక్కటే. దాన్ని ఊరు మార్చుకోదు గాక మార్చుకోదు.

ఎవరి కళ్ళలోనూ పడకుండా ఒదిగి ఉండాలని ఎంచుకున్న తీరు కోరుట్ల బజారులో అందరి కళ్ళలోనూ పడేది. కూరగాయలామె కొసరు ఎక్కువేసి అయ్యో అన్నట్టు చూసేది. పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ పళ్ళెం రమ ముందుకు వచ్చేసరికి దారి మళ్ళేది. రమ లోలోపల నవ్వుకునేది. నా మొగుడు ఉన్నాడని నాకు తెలుసు, నా ప్రభువుకు తెలుసు, ఇంకెవరికి చెప్పాలి అనుకునేది. ఆ ధీమాలో నిజంగానే హాయిగా ఉండేది.

బడి ఆవరణలో జనం బాగానే ఉన్నారు. రమ వెనక వేపచెట్టు దగ్గర నిలబడింది. అఖిల పాట అందుకుంది. పిల్ల గొంతు ఇంత బాగుంటుందా అని తల్లి మురిసిపోతుండగా, పిల్ల కళ్ళు వెతుక్కున్నట్టు వచ్చి తల్లి మీద పడ్డాయి. ఒక చరణం మింగేసి, పాటను ఎలాగో ఒడ్డున పడేసి దిగిపోయింది.

తర్వాత బట్టల దుకాణం లక్ష్మీరాజం సేటు వేదిక ఎక్కాడు. టీచరు శైలజ మేడం మైకు పట్టుకుంది. "తండ్రి లేని ఆడపిల్లలకు మన సేటుగారు కొత్త బట్టలు ఇస్తున్నరు" అని పేర్లు చదివింది. ఒకరి తర్వాత ఒకరు పిల్లలు వెళ్ళి తీసుకుంటున్నారు. "అఖిల, ఎయిత్ క్లాస్" అని వినబడింది. ఇంకో అఖిల ఉందేమో అనుకుంది రమ. తన అఖిలే లేచింది. తల వంచుకుని మెట్లెక్కింది. సేటు ఆమె తల నిమిరి పొట్లం చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

శారద గిరుక్కున తిరిగి రమను చూసింది. "ఏందే గిది? రాజేశ్ బతికుండంగ?"

నా మొగుడు ఉన్నాడని అరవాలనిపించింది రమకు. అరిస్తే వేదిక మీద నిలబడ్డ పిల్ల ఏమైపోవాలి? అందరూ వెళ్ళాక టీచర్ల గదిలోకి విసురుగా వెళ్ళింది.

"నా బోసి నొసలు జూసి నా మొగుణ్ణి సంపుతరా మేడం? ఒక్కమాట అడుగొద్దా?"

శైలజ మేడం బిత్తరపోయింది. "అడుగకేం అమ్మా, అడిగిన. మిమ్ముల జూసి అనుకున్న మాట నిజమే. అయినా పిల్లను పక్కకు పిలిచి అడిగిన. మస్కట్‌ల పోయిండని, పెట్టెల తెచ్చిండ్రని మీ బిడ్డనే చెప్పింది. చెప్పుకుంట ఏడ్చింది. నాక్కూడ కండ్లల్ల నీళ్ళొచ్చినయ్." మేడం రమ మొహంలోకి చూసి, "అయితే ఆయన ఉన్నరా?" అంది.

"ఉన్నడు."

"మరి మీరెందుకు..." అనబోయి ఆగిపోయింది మేడం. "పిల్లను కొట్టకండమ్మా" అని మాత్రం అంది.

కోపంతో గదిలోకి వెళ్ళిన మనిషి కాళ్ళీడ్చుకుంటూ బయటికి వచ్చింది. అఖిల అప్పటికే ఇంటికి పోయింది. దారంతా రమకు ఆ పెట్టె మాటే చెవుల్లో మోగింది. పదమూడేళ్ళ పిల్ల తన తండ్రిని పెట్టెలో ఎలా పెట్టగలిగింది?

ఇంటికి వచ్చేసరికి పిల్ల మంచం మీద ముడుచుకుని ఉంది. విప్పని పొట్లం కాళ్ళ దగ్గర పడి ఉంది. శారద అప్పుడే వచ్చి చెప్పి పోయినట్టుంది, సత్యవ్వ గోడకు చేరగిలబడి ఏడుస్తోంది.

"ఎందుకన్నవే గా మాట?" రమ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ డాడీ నీకేం జేసిండు?"

అఖిల పొట్లాన్ని కాలితో అవతలికి తోసింది.

"చెప్పవే!"

"అందరు అడుగుతరమ్మా." పిల్ల గొంతు గొణుగుడుగా మొదలై పెద్దదైంది. "మీ అమ్మకు బొట్టెందుకు లేదు, పుస్తెలెందుకు లేవు, మీ డాడీ మీ అమ్మను ఇడిసిపెట్టిండా అని అడుగుతరు. ఉన్నడని చెప్తే నమ్మరు. మరి మీ అమ్మ గట్లెందుకున్నదని మల్ల అడుగుతరు. ఆరో తరగతి కెల్లి అడుగుతనే ఉన్నరు. నాకేం చెప్పాల్నో తెల్వది. ఒకసారి చచ్చిపోయిండని చెప్పిన. గంతే. ఇగ ఎవ్వరు ఏం అడుగలే. అందరు మంచిగ మాట్లాడిండ్రు."

రమ అక్కడే నేల మీద కూలబడింది.

"నోట్లెకెల్లి గసొంటి మాట ఎట్లొచ్చిందే నీకు!" సత్యవ్వ మనవరాలి మీదికి లేచి, అంతలోనే కోడలి వైపు తిరిగింది. "దాన్నంటే ఏమొస్తది. మీ మామ పోయిన్నాడు నా నొసలు బోసిపోయింది. ఒక్క ఇంట్ల రెండు బోసి నొసళ్ళు. పొద్దుగాల లేవంగనే నీ మొఖం జూస్తే నాకు గుండె జల్లుమంటది పిల్లా. మస్కట్ నుంచి ఫోనొచ్చేదాక ముద్ద దిగదు. నా కొడుకు బతికిండు గదాని నిన్నేమనలే ఇన్నొద్దులు."

అత్త ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని తనకు అన్నం వడ్డించిందా? రమకు తలకొట్టేసినట్టయింది. నమ్మకం తనది, మొక్కు తనది, హాయి తనది. దానికి బజారులో జవాబు చెప్పుకునే పని మాత్రం ఆరో తరగతి పిల్ల నెత్తిన పడింది. ఎందుకు బొట్టు తీసిందో నర్సక్కకు చెప్పింది, పాస్టరుకు చెప్పింది, మొగుడికి చెప్పింది. కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కనాడైనా చెప్పలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకుంది. ఎంత పొరపాటు!

లేచి అఖిల బడిసంచీ తెరిచింది. అడుగున పిల్ల దాచుకునే బొట్టుబిళ్ళల అట్ట ఉంది. గల్లీ దాటాక పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు తీసేస్తుందని రమకు ఎప్పుడో తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేది. ఒక ఎర్రబిళ్ళ ఒలిచింది. ప్రభువా, ఇది నిన్ను కాదనడం కాదు, నా బిడ్డ కోసం అనుకుంది. అనుకున్నదే గాని మనసు సర్దుకోలేదు. మాట తప్పుతున్నాననే అనిపించింది. అయినా అద్దం ముందు నిలబడి నొసట అద్దుకుంది.

"ఇగో, జూడు. రేపు బడికి గిట్లనే వస్త. మీ డాడీ ఉన్నడని నేనే చెప్త."

మెచ్చుకుంటుందనుకున్న పిల్ల మంచం మీంచి దిగ్గున లేచింది. "వద్దమ్మా! తియ్యి!"

"ఎందుకే? నీకు కావల్సింది గిదే గద?"

"ఇప్పుడు పెట్టుకుంటెట్లమ్మా! డాడీ చచ్చిపోయిండని బడి మొత్తానికి తెలుసు. బొట్టు పెట్టుకొని అస్తే నిన్నేమంటరు? ఎంత పాడుగ అంటరో నీకు తెల్వదు. ఇగ నువ్వు ఎప్పటికీ పెట్టుకోవద్దు." పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. రాజేశ్ వీడియో కాల్. ఎత్తకపోతే కంగారుపడే మనిషి. రమ కళ్ళు తుడుచుకుని ఎత్తింది. మస్కట్‌లోని ఇరుకు గది, వెనక ఒకదాని మీద ఒకటిగా మంచాలు. రాజేశ్ మాట్లాడబోయి ఆగాడు. తెరకు దగ్గరగా వచ్చి చూశాడు. అతని మొహం విప్పారింది.

"అరె, బొట్టు పెట్టుకున్నవ్!" నవ్వాడు. "ఎన్ని దినాలైంది గిట్ల జూడక. నీ ఇష్టమన్న గద, అందుకే ఎన్నడు అడుగలే."

ఇతను కూడానా! రేపు బడికి పోక తప్పదు, పోయి నిజం చెప్పకా తప్పదు. ఏ నొసటితో పోవాలో మాత్రం రమకు తెలియలేదు. అత్తవైపు చూసింది. సత్యవ్వ కొంగుతో మొహం కప్పుకుంది.

అఖిల వచ్చి తల్లి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"డాడీ, మంచిగున్నవా?"

"మంచిగున్న బిడ్డా. పాట ఎట్ల పాడినవ్?"

"నిజంగ మంచిగున్నవా? జరం లేదు గద? ఛాతిల నొప్పి లేదు గద?"

"ఏం లేదు. ఏడుస్తున్నవేందే?"

"ఏదీ, లేచి నడువు. నడిచి చూపియ్యి."

పిల్ల చేష్ట అనుకుని రాజేశ్ నవ్వుకుంటూ లేచాడు. ఫోన్ చేత్తో ఎత్తి పట్టుకుని మంచాల మధ్య ఇటు నుంచి అటు నడిచాడు. "చూసినవా?" అన్నాడు.

అఖిల ఫోన్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "ఇంకొకసారి నడువు డాడీ" అంది.