ఫిరంగులు నిలిచిన మూల

స్థలాల ఏజెంటు జితేందర్ మొహం మళ్లీ చూడకూడదనుకున్నాడు బ్రహ్మయ్య. ఈ పరాయి దేశంలో, కమ్మింగ్ అనే ఊళ్లో అరెకరం అంటగట్టేటప్పుడు, ఆగ్నేయం మూల పొదల మాటున ఉన్న రాయి గురించి ఆ పెద్దమనిషి ఒక్క ముక్క చెప్పలేదు. పొదలు కొట్టించాక అడిగితే, "పాత హద్దురాయి అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

హద్దురాయంటే మర్యాద చెయ్యాలి కదా! భూమిపూజ నాడు బ్రహ్మయ్య భార్య లక్ష్మీకాంతం ఆ రాతికి నిండా పసుపు పూసి, బొట్లు పెట్టి హారతిచ్చింది. వచ్చినవాళ్లంతా ప్రదక్షిణలు కూడా చేశారు. అందరూ భోజనాలకు లేచాక కూతురు నమ్రత పసుపు కింది అక్షరాలు తడిమి చదివింది.

"నాన్నా, ఇది బౌండరీ కాదు. సివిల్ వార్‌ది, ఈ దేశంలో నార్త్, సౌత్ కొట్టుకున్నప్పటిది. ఇక్కడ కెనన్స్, అదే ఫిరంగులు, పెట్టారు. సోల్జర్స్ చచ్చిపోయారు, ఇక్కడే."

"అయ్యో, పోయినవాళ్లకా హారతిచ్చింది!" లక్ష్మీకాంతం చెంపలేసుకుంది.

బ్రహ్మయ్య బెంగ వేరు. ఇన్నేళ్లుగా అద్దె వంటిళ్లలో, ఊరందరి పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వండి పెట్టాడు. ఇంటికి ఆనించి సొంతంగా కేటరింగ్ వంటశాల కట్టుకోవాలని ఈ స్థలం కొన్నాడు. వంట ఆగ్నేయంలోనే ఉండాలి. సరిగ్గా అక్కడే ఈ రాయి.

జితేందర్‌కి ఫోన్ చేసి కడిగిపారేశాడు.

"రాయి నీ జాగలనే ఉంది గదనే. నీ ఇష్టం. జేసీబీ వచ్చినప్పుడు జర గేటు దిక్కు జరిపియ్. ఎవడొచ్చి కొలుస్తడు?" అన్నాడు జితేందర్.

ఆ మాట బ్రహ్మయ్యకు ఎక్కడో తగిలింది. చిన్నప్పుడు ఊళ్లో, దుక్కి దున్నినప్పుడల్లా పక్క చేనువాడు తమ హద్దురాయి జరిపేవాడు. ఎవడొచ్చి కొలుస్తాడనే. నాన్న కోర్టు చుట్టూ తిరిగి చితికిపోయాడు. బ్రహ్మయ్య ఏడో తరగతిలో బడి మానింది అందుకే.

అయినా జేసీబీని పిలిపించాడు. అది వచ్చిన పొద్దున్నే పక్కింటి ముసలావిడ డోరతీ, బకెట్టూ మెత్తటి బ్రష్షూ పట్టుకుని వచ్చింది. పసుపు చూసి కోప్పడలేదు. తడిపి మెల్లగా తోముతూ, ఎంత బాగా అలంకరించారు అంది. ఆవిడ ఇంగ్లీషు నమ్రత తెలుగులో చెప్పింది.

"మీ వాళ్లా వీళ్లు?" అని అడిగించాడు బ్రహ్మయ్య.

"కాదు. ఉత్తరాది కుర్రాళ్లు. మా వాళ్ల మీదే పేల్చారు."

"మరి నీకెందుకమ్మా ఈ చాకిరీ?"

డోరతీ బ్రష్ ఆపింది. "ఇళ్లకి దూరంగా వచ్చి ఇక్కడ పోయారు. ఎక్కడ నిలబడ్డారో చెప్పడానికి ఈ రాయొక్కటే ఉంది. జరిపితే అబద్ధం చెబుతుంది."

జేసీబీ ఇంజను గుర్రుమంటోంది. బ్రహ్మయ్య డ్రైవర్ వైపు చెయ్యెత్తి, ఆపమన్నాడు.

సాయంత్రం సంగతి విని జితేందర్ నవ్వాడు. "పుణ్యాత్ముడివైపోయినవ్ అన్నా! మరి వంటశాల ఏడ కడతవ్?"

"నీ నెత్తి మీద రా!"

రాయితోపాటు, జనం వచ్చి చూసిపోయేందుకు రోడ్డు దాకా దారి కూడా స్థానిక చరిత్ర సంఘానికి రాసిచ్చేశాడు. ఇల్లు చిన్నదైంది. లక్ష్మీకాంతం నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు. బ్రహ్మయ్య ఇప్పటికీ అద్దె వంటింట్లోనే గరిటె తిప్పుతున్నాడు. జితేందర్‌ని తిట్టని రోజు లేదు. సర్వేవాడు కొత్త కంచె గీత గీసి చెప్పిన లెక్క ప్రకారం, అరెకరంలో పోయింది పదకొండు సెంట్లు.