ఆడిన బోల్టు

నేను ఒక తెగిన యూ బోల్టును. మంచిమాటలు వినాలని వచ్చినవారు ఇక్కడే ఆగిపోవచ్చు. తుప్పు పట్టినా, తెగినా, పగ మాత్రం నాలో ఇంకా కొత్తగానే ఉంది.

కోయంబత్తూరులో ఒక సందులోని కొలిమిలో పుట్టాను. నిటారు కడ్డీని ఎర్రగా కాల్చి, గుర్రపు నాడాలా వంచి, రెండు కాళ్ళకూ మరలు కోశారు. పికప్ బండి వెనక ఇరుసును, బరువు మోసే కమాను పట్టీలకు కట్టి ఉంచడం మా జాతి పని. బోల్టంటే గట్టి ఇనుమని మనుషులు అనుకుంటారు. నిజానికి బోల్టంటే సాగే ఇనుము. నట్టు బిగిసేకొద్దీ కంటికి ఆననంత సాగుతాం. సాగినదానికి వెనక్కి ముడుచుకోవాలని ఉంటుంది. ఆ గుంజులాటే పట్టు. ఏళ్ళతరబడి అలా గుంజుకుని, ఒకసారి విప్పాక మాలో ఆ సత్తువ మిగలదు. అందుకే కమాన్లు విప్పినప్పుడల్లా కొత్త బోల్టులు వేయాలి. ఇది మెకానిక్కులందరికీ తెలుసు. తెలిసినవాళ్ళందరూ చేస్తే ఈ కథే లేదు.

నా మొదటి కొలువు ఒక పాలబండి కింద. పలమనేరు పల్లెల్లో గుంతల్లేని రోడ్డు ఉంటుందని ఆ రోజుల్లో నేను ఎరగను. అయినా నన్ను వేసినవాడు పద్ధతిగా వేశాడు కనుక సుఖంగా బతికాను. ఆ బండి కమాను విరిగితే మదనపల్లెలో చెంగల్రాయుడి షెడ్డుకు తెచ్చారు. అతను నన్ను విప్పి, కొత్త బోల్టు వేసి, నన్ను ఒక డీజిల్ డబ్బాలో పడేశాడు. ఇక పని అయిపోయింది, పాతసామాన్లవాడు వచ్చేదాకా విశ్రాంతి అనుకున్నాను.

చెంగల్రాయుడు ఊళ్ళో పేరున్న మనిషి. పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చునేవాడు, పంచాయితీల్లో గట్టిగా మాట్లాడేవాడు. అతని అక్క గంగులమ్మ కొడుకు మునిరత్నం సొంత పికప్ పెట్టుకుని టమాటాలు తోలేవాడు. మునిరత్నం తండ్రి తాగి తాగి చచ్చిపోయాడు. ఆ రోజు గంగులమ్మ కొడుకు చేతిని తన తలమీద పెట్టించుకుని, ఎప్పుడూ తాగనని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు సంగతి చుట్టాలందరికీ తెలుసు. చెంగల్రాయుడికి అందరికంటే బాగా తెలుసు.

టమాటాల కాలంలో ఒకనాడు మునిరత్నం బండి కమాను విరిగింది. మేనమామ షెడ్డుకే తెచ్చాడు. చెంగల్రాయుడు అప్పటికే వాయల్పాడులో ఎవరిదో నిశ్చితార్థానికి పోవాలని తెల్లచొక్కా చిలక్కొయ్యకు తగిలించి ఉన్నాడు. కొత్త బోల్టులకు బజారుకు పోవాలంటే ఆలస్యం. డబ్బాలో చెయ్యి పెట్టి నన్నూ, నాలాంటి ఇంకో పాతదాన్నీ తీశాడు. గరుకు కాగితంతో రుద్ది, నల్ల రంగు పూశాడు. ముసలిదానికి పెళ్ళికూతురి అలంకారం.

"మామా, బోల్టులు కొత్తవేనా?" అని అడిగాడు మునిరత్నం.

"నిన్ననే తెచ్చినా. ఏంరా, మేనమామ చేతిమీద గూడా నమ్మకం ల్యాదా నీకు?"

"అట్ల కాదు మామా, ఘాటు దిగల్ల కదా, అందుకని అడిగినా."

"దిగుతావులే పో."

బండి ఇంకా జాకీ మీదే ఉంది. చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. అలాగే గాలి గన్ను పెట్టి నా ఒక కాలి నట్టును ఒక్క ఊపున చివరిదాకా బిగించేశాడు. తర్వాత రెండోదాన్ని. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయ్యాయి. బరువు నేలకు దించి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, ఒక్క తీరుగా పానాతో బిగించాలి. లోడుతో కొంత దూరం తిరిగొచ్చాక మళ్ళీ బిగించాలి. మళ్ళీ రమ్మన్న ఒక్క మాటైనా అతని నోట రాలేదు. తెల్లచొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నేను అరిచాను. ఇనుము అరుపు కిర్రుమని వినిపిస్తుంది. టమాటా బుట్టల మోతలో అది ఎవరికీ వినబడలేదు.

కొన్నాళ్ళకే, మొగిలి ఘాటు రోడ్డు మలుపుల్లో, పట్టపగలు, నా నట్టు ఒకటి తిరిగి ఊడింది. రెండో కాలు తెగింది. ఇరుసు పక్కకు జారింది. ఎదురుగా జనంతో నిండిన బస్సు వస్తోంది. మునిరత్నం స్టీరింగును రెండు చేతులా కొండవైపుకు తిప్పాడు. బస్సు బతికింది. రోడ్డంతా టమాటాలు చితికి పారాయి. పారిన ఎరుపంతా టమాటాలది కాదు.

చుట్టాల్లో అందరికంటే ముందు చేరినవాడు చెంగల్రాయుడు. బండి కిందికి వంగి చూశాడు. నన్ను చూశాడు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. అతని ముఖం సున్నంలా పాలిపోవడం నేను చూశాను. అతను లేచి నిలబడి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, గుమిగూడినవాళ్ళతో అన్నాడు:

"పొద్దున్నే నా కాడ వాసనొచ్చినాడప్పా. తాగి తోలొద్దురా అని చిలక్కి చెప్పినట్టు చెప్పినా. వింటేనా!"

సొంత మేనమామ అంత మాట అంటే ఇక ఎవరు అడుగుతారు? గంగులమ్మ చెవిన ఆ మాట పడింది. ఆమె కొడుకు శవం దగ్గర కూర్చుంది గానీ ఏడవలేదు. "వాళ్ళ నాయన మాదిరే పొయినాడు. నా తలమీద పెట్టిన చెయ్యి అబద్ధమాడింది" అని గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత ఇంట్లో అతని పేరు ఎత్తనివ్వలేదు. అతని ఫొటో గోడకు ఎక్కనివ్వలేదు. చంపినవాడు చంపాడు, పాతిపెట్టినది మాత్రం ఆ ఒక్క మాట.

మునిరత్నం భార్య రెడ్డెమ్మ ఏడ్చింది, తర్వాత లేచింది. నుజ్జయిన బండి పడి ఉన్నచోటికి ఒంటరిగా వచ్చి, కింద దూరి, ఇరుసుకు వేలాడుతున్న నన్ను పీకి కొంగున కట్టుకుంది. నాకు ఆ చేతులు నచ్చాయి.

పుంగనూరులో ఖాజావలి అనే పాత మెకానిక్కు ఉన్నాడు. ఆమె నన్ను అతని ముందు పెట్టింది. అతను నన్ను ఎండకు పట్టి, తిప్పి తిప్పి చూసి, బొటనవేలితో, కాలు తెగినచోట, నా మెడ తడిమాడు.

"ఎవరిది తల్లీ ఈ బండి?"

"మా ఆయనది అన్నా. తాగి తోలి గుద్దినాడంటా ఉండారు."

"తాగినోడు గుద్దితే బోల్టు ఒక్క దెబ్బకు తెగతాది. తెగినకాడ కొత్త ఇనుము మాదిరి గరుగ్గా ఉంటాది. ఇది సూడు, మెడంతా అద్దం మాదిరి నున్నగా అరిగి ఉండాది. వదులై, అటూ ఇటూ ఆడి ఆడి అరిగింది. ఇది తెగిన బోల్టు కాదమ్మా, ఆడిన బోల్టు. పైన నల్లరంగు, మరల్లో పాత తుప్పు. ఏసినోడెవరో గానీ వానికి పుట్టగతులుండవు."

వేసినవాడెవరో తెలిసిన రెడ్డెమ్మ నన్ను మళ్ళీ కొంగున కట్టుకుంది. తర్వాత అడిగింది: "సరిగ్గా ఎట్ల బిగిస్తారో నాకు నేర్పిస్తావా అన్నా?"

ఖాజావలి మొదట నవ్వాడు. మరునాడూ ఆమె వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. రోజూ మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చి, కొంగు నడుముకు చుట్టి, బండ్ల కింద వెల్లకిలా పడుకుని నేర్చుకుంది. లెక్క ప్రకారం బిగిసీ బిగియగానే టక్కుమనే పొడుగాటి పానా ఒకటి అతని దగ్గర ఉండేది. ఆ టక్కు వినబడేదాకా ఆమె చెయ్యి తీసేది కాదు, వినబడ్డాక ఒక వెంట్రుకవాసి కూడా తిప్పేది కాదు. ఆమె పనితనం నేర్చుకుంటోందని ఖాజావలి సంతోషపడ్డాడు. నాకు మాత్రం తెలుసు, ఆమె కత్తి నూరుకుంటోంది.

తర్వాత మదనపల్లె టమాటా మార్కెట్టు పక్కన రేకుల షెడ్డు వేసింది. ఒక్కటే పని, కమాన్లూ బోల్టులూ బిగించడం. ఆడమనిషి బండి కింద దూరితే చూడటానికి మొదట వేడుకగా వచ్చారు, తర్వాత పని చూసి వచ్చారు. చెంగల్రాయుడి షెడ్డులో చేయించిన బండి వస్తే ఆమె డ్రైవర్‌ను కిందికి పిలిచి, వేలితో నట్టు తిప్పి చూపించేది. నోటితో ఏమీ అనేది కాదు. వేళ్ళకే తిరిగే నట్టును చూశాక ఎవరికైనా చెమటలు పట్టాల్సిందే.

ఆ సంగతి చెంగల్రాయుడికి చేరింది. అతను అక్క దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం గంగులమ్మ కోడలిమీద విరుచుకుపడింది.

"మేయ్, మొగుడు తాగి సచ్చింది సాలదని నా తమ్ముడి నోట్లో మన్ను కొడతా ఉండావా?"

"ఆయన తాగల్యా అత్తా."

"నా తమ్ముడు అబద్ధం సెప్తాడా?"

రెడ్డెమ్మ నన్ను తీసి ఆమె ముందు పెట్టింది. గంగులమ్మ నన్ను కాలితో పక్కకు తోసేసింది. ఇనపముక్క మాట కన్నా తోడబుట్టినవాడి మాటే బరువు మనుషులకు. ఆ తన్ను నాకు ఇంకా గుర్తుంది. కానీ అది చెంగల్రాయుడి ఖాతాలోనే వేశాను.

చెంగల్రాయుడి మనవడికి బోయకొండ గంగమ్మ దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నారు. తెల్లారాక అతని సొంత పికప్ నిండా చుట్టాలు, పిల్లలు, పొంగలి గిన్నెలు, ఒక పొట్టేలు. అక్కను ఎక్కించుకోవడానికి మా వాకిట్లో బండి ఆపాడు. అతనే తోలుతున్నాడు, పట్టు పంచె, తెల్లచొక్కా.

బండి ఆగేటప్పుడు వెనకనుంచి కిర్రుమంది. నా అరుపే అది. ఈసారి రెడ్డెమ్మకు వినబడింది. ఆమె చేతిలో పేడనీళ్ళ చెంబు కింద పెట్టి, ఎవరూ అడగకముందే బండి కింద దూరింది. కొంగున నేనూ ఉన్నాను. చూశాం. తన బండికి కూడా పాత బోల్టులే వేసుకున్నాడు ఆ మహానుభావుడు. మోసం చెయ్యడంలో తనా పరాయా అనే భేదం లేదు. ఒక నట్టు సగం దాకా జారి ఉంది.

వదిలెయ్, అన్నాను నేను. ఒక్క మాట మాట్లాడకు. బోయకొండకు కూడా మలుపులున్నాయి. వదిలెయ్.

ఆమె అక్కడే, నట్టు మీద వేలు పెట్టుకుని, కాసేపు కదలకుండా పడుకుంది. ఆమెకు నా మాట వినబడిందనే ఇప్పటికీ అనుకుంటాను. పైన పిల్లలు నవ్వుతున్నారు.

బయటికొచ్చి అంది: "అందరూ దిగండి."

"ఏందిది, శుభమా అని పోతా ఉంటే?" అని గద్దించాడు చెంగల్రాయుడు.

"కింద బోల్టులు జారినాయి మామా."

"నేను ఏసిన బోల్టులు. నాకు నువ్వు సెప్పేది ఏంది?"

ఆ మాటతో రెడ్డెమ్మ ముఖం మారింది. పిల్లలను ఒక్కొక్కరినే చంకనెత్తి దించింది. పెద్దవాళ్ళు గొణుగుతూ దిగారు. అప్పుడు ఆమె గుండు చేయించాల్సిన పసివాడిని తల్లి చేతుల్లోంచి తీసుకుని చెంగల్రాయుడి ముందుకు వెళ్ళింది.

"నువ్వు ఏసినవే కదా, గట్టిగానే ఉంటాయి. ఎక్కు మామా. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకోని, నువ్వొక్కడివే తోలుకోని పో. కొండెక్కి దిగి రా. వచ్చినాక నేను నీ కాళ్ళమీద పడతా, షెడ్డు మూసేస్తా. ఎక్కు."

వీధి మొత్తం నిలబడి చూస్తోంది. చెంగల్రాయుడు నవ్వబోయాడు. డోరు పిడి పట్టుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. పసివాడు తాతను చూసి చేతులు చాపాడు. ఆ కాలు మెట్టు మీదే ఉండిపోయింది. పైకి పోలేదు.

"ఎక్కు నాయనా." ఈసారి అన్నది గంగులమ్మ. గడపలోంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. "నీ పనే కదా. ఎక్కరా చెంగల్రాయా."

"అక్కా, అది… బిడ్డతో ఎందుకులే…"

"నా బిడ్డను ఎందుకు ఎక్కిస్తివి మరి?"

అతను కాలు నేలమీద పెట్టాడు. తల ఎత్తలేదు. గంగులమ్మ వంగి రెండు దోసిళ్ళ మన్ను తీసి తమ్ముడి తెల్లచొక్కా మీద పోసింది. "నా కొడుకు తాగల్యా! నా తలమీద ఒట్టు తప్పల్యా!" అంటూ నడివీధిలో కూలబడి, గుండెలు బాదుకుంటూ, కొడుకు కోసం మొదటిసారి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నవాళ్ళెవరూ ఆ రోజు అన్నం సరిగ్గా తిని ఉండరు.

రెడ్డెమ్మ పసివాడిని తల్లికి ఇచ్చేసింది. షెడ్డునుంచి కొత్త బోల్టులూ టక్కుమనే పానా తెచ్చి చెంగల్రాయుడి చేతిలో పెట్టింది.

"నువ్వే బిగించు. నేను సెప్తా."

అతను పట్టు పంచెతోనే, మన్నుకొట్టుకున్న చొక్కాతోనే, బండి కింద దూరాడు. ఆమె పక్కన గొంతుకూర్చుంది. "జాకీ దించినాక బిగించల్ల మామా. బరువు కమాన్ల మీదుండల్ల. ఆ, ఇప్పుడు ఎదురుది. మళ్ళా ఇది. ఇంకా… ఇంకా…" ప్రతి టక్కుకూ అతను ఉలిక్కిపడటం నేను చూశాను. ఊరంతా చూసింది.

అది జరిగి కొన్నేళ్ళయింది. చెంగల్రాయుడి షెడ్డు బండ్లు రాక మూతపడింది. ఇప్పుడతను అల్లుడి పికప్‌లో దామలచెరువుకు మామిడికాయలు తోలుతున్నాడు. బోల్టులు బిగించాలంటే చుట్టుపక్కల అందరూ వచ్చేది రెడ్డెమ్మ దగ్గరికే, అతనూ వస్తాడు. ఆమె నన్ను తీగకు కట్టి షెడ్డులో వేలాడదీసింది. నా కిందనే ఒక బల్ల. అతను వచ్చి దానిమీద కూర్చుంటాడు, తల ఎత్తడు. నేను చూస్తూ ఉంటాను.

ఆమె అతనితో మాట్లాడదు. అతని బండి కింద మాత్రం మిగతా బండ్లకన్నా ఎక్కువసేపు ఉంటుంది. నట్టు నట్టుకూ టక్కు వినిపిస్తుంది. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి చూస్తుంది. ఎంత మంచి మనసమ్మా అని డ్రైవర్లు చెప్పుకుంటారు.

మనసు కాదు. అలా తల ఎత్తకుండా అతను చాలాకాలం బతకాలి. అందుకే అంత గట్టిగా బిగిస్తుంది.