ఎర్రసిరా సరిహద్దు

నేను ఒక గోడపటాన్ని. మామూలు పటాన్ని కాదు, ఆసియా ఖండం పటాన్ని. ఐదడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు, వెనక గట్టి నూలుగుడ్డ, పైనా కిందా నల్లరంగు వేసిన గుండ్రటి కర్రలు. వేలితో నెడితే అటూ ఇటూ పరిగెత్తే సెల్‌ఫోను పటాల జాతి కాదు నాది. నన్ను విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి, చూపించాలంటే చేతిలో బెత్తం ఉండాలి. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటారేమో, అనుకోండి. ఒక ఖండాన్ని ముప్పై అయిదేళ్ళు వీపున మోసినదాన్ని, ఆ మాత్రం చెప్పుకోకూడదా?

1983లో మద్రాసులో, రైలు పట్టాల పక్కనున్న ఒక అచ్చాఫీసులో పుట్టాను. నన్ను అచ్చువేసిన ముసలాయన నా హిందూ మహాసముద్రాన్ని చూసి, నీలం చాలలేదని మూడుసార్లు మళ్ళీ అచ్చేయించాడు. వార్నిషు ఆరాక చుట్టచుట్టి రైలెక్కించారు. మండపేట దగ్గర ఒక పల్లెలో హైస్కూలుకి చేరాను. అక్కడి హెడ్మాస్టరు నన్ను కళ్ళకద్దుకుని, "ఎంత బాగుందో! పిల్లల చేతుల్లో పడితే పాడైపోద్ది" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అయిదేళ్ళు చీకట్లో ఉన్నాను. మనుషుల తీరే అంత. మంచి వస్తువు దొరికితే వాడరు, దాస్తారు. దాచిదాచి పాతబడ్డాక పనికిరాదంటారు.

నన్ను వెలుగులోకి తెచ్చింది కమలారత్నం టీచరు. సాంఘికశాస్త్రం చెప్పడానికి 1988లో మా స్కూలుకి వచ్చింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు గదుల అవతలికి వినబడేది. వచ్చిన మూడో రోజునే హెడ్మాస్టరు బల్ల ముందు చెయ్యి చాచి, "తాళం ఇవ్వండి మాస్టారూ. ఆసియా మీ బీరువాలో ఉంటే నేను పిల్లలకి ఏం చూపించను?" అంది. ఆయన ఇచ్చేశాడు. ఆ రోజునుంచి నేను ఆమె మనిషిని.

ఆమెకి అన్ని పాఠాల్లోకీ ఇష్టమైనది పట్టు వర్తకుల దారి. బెత్తం చివర బుఖారా మీంచి సమర్కందుకి, అక్కడినుంచి కొండల అంచున ఉన్న ఓష్ అనే చిన్న నల్లచుక్క దగ్గరికి నడిచేది. "ఇదిగో, ఇక్కడ సంతలో వర్తకులు ఆగేవారు. కొండలెక్కే ముందు కడుపునిండా తిని, బేరాలాడి, కబుర్లు చెప్పుకునేవారు" అంటుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ఆమె మాత్రం విశాఖపట్నం దాటి ఎరగదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "తీరిక లేక" అని చెప్పేది.

తర్వాత సోవియట్ యూనియన్ ముక్కలైపోయింది. నా మీద మాత్రం అది ఒకే గులాబీ రంగులో హాయిగా పరుచుకుని ఉంది. కొత్త పటం కోసం పెట్టిన అర్జీలకి జవాబు రాలేదు. ఒక రోజు కమలారత్నం పేపర్లో వచ్చిన అరచెయ్యంత పటాన్ని కత్తిరించి తెచ్చి, నన్ను బల్లమీద పరిచి, ఎర్రసిరాతో కొత్త సరిహద్దులు గీయడం మొదలెట్టింది. హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "గవర్నమెంటు ఆస్తి మీద గీతలేంటమ్మా? అనుమతి తీసుకున్నారా?" అన్నాడు. "గవర్నమెంటే పోయిందండీ అక్కడ. ఎవర్ని అడగమంటారు?" అందామె, చెయ్యి ఆపకుండానే. ఆ సాయంత్రానికి నా నడిమధ్య అయిదు దేశాలు కొత్తగా పుట్టాయి. ఊళ్ళో టీచరు చేత్తో దేశాలు పుట్టించుకున్న పటం ఇంకోటి ఉంటే చూపించండి.

2018లో ఆమె రిటైరైంది. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. "ఇంకేమన్నా కావాలా టీచరుగారూ?" అని మొహమాటానికి అడిగితే, "ఆ మూలనున్న పటం ఇప్పించండి" అంది. పాత సామానులో రాసేద్దామనుకుంటున్న నన్ను కాగితాలు రాసి మరీ ఇచ్చేశారు. ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్ళలేదు. తిన్నగా తమ్ముడు తాతబ్బాయి మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళి, టైర్ల మధ్య మేకులు కొట్టి వేలాడదీసింది.

"ఏంటే అక్కా ఇది? నా షెడ్డు బడి చేసేత్తావా?" అన్నాడు తాతబ్బాయి.

"ఓష్ వెళ్తున్నాను. నీ పాత డుగ్గుడుగ్గు మోటారుసైకిలు మీద. నువ్వూ వస్తున్నావు."

అతను స్పానరు కింద పెట్టి చాలాసేపు నా వంక చూశాడు. "నువ్వు చూసిన పెద్ద ఊరు వైజాగు. చెప్పేదేమో సమర్కందు. సరే పద, ఎవడు కాదన్నాడు" అన్నాడు. మనిషికి వెటకారం ఎక్కువే గాని అక్క మాట జవదాటడు.

ఇక చూడాలి వాళ్ళ సన్నాహాలు! రోజూ పొద్దున్నే నా ముందు సభ. బండి బొంబాయిలో ఓడెక్కాలి, ఇరాన్‌లో దిగాలి, తుర్క్‌మెనిస్తాన్ మీదుగా ఉజ్బెకిస్తాన్ చేరాలి. "పాకిస్తాన్ మీంచి పోతే దగ్గర కదే?" అని తాతబ్బాయి అడిగితే, "దగ్గరే. పోనివ్వరు" అందామె. పటం దారి చూపిస్తుంది గాని గేటు తియ్యలేదు కదా. ఓష్ కూడా ఉజ్బెకిస్తాన్‌లోనే అని నా మీద ఎర్రగీత చెబుతోంది. కాబట్టి ఆ దేశానికి ఒక్కసారి లోపలికి వెళ్ళి, ఒక్కసారి బయటికొచ్చే వీసా చాలునని రాసుకుంది.

దూరాలు కొలవడానికి ఆమెది సొంత పద్ధతి. గుండుసూదులు గుచ్చి, వాటి వెంట దారం నడిపించేది. నా మీద నాలుగు వేళ్ళ దారం అంటే రోడ్డు మీద ఒక పగటి ప్రయాణం. అక్కడొక ముడి. కొండలొస్తే రెండు వేళ్ళకే ముడి. ఎడారి వచ్చినచోట తాతబ్బాయి "ఇక్కడ పెట్రోలు బంకు ఉంటాదా?" అని సూది దగ్గర వేలు పెట్టి అడిగేవాడు, నేను చెబుతానన్నట్టు. ఇంజను మొత్తం విప్పి నేలమీద పరిచాడు. క్లచ్చి తీగలు, ప్లగ్గులు, చైను లింకులు ఒక సంచి. ఆవకాయ, కందిపొడి, చింతపండు ఇంకో సంచి. రెండో సంచే బరువెక్కువైందని అక్కాతమ్ముళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఎవరు ఎంత దూరం నడపాలన్నదాని మీద మరో రెండు రోజులు.

ఇవన్నీ చూస్తుంటే నా ఛాతీ ఉప్పొంగిపోయేది. నా మాట పట్టుకుని ఇద్దరు మనుషులు సముద్రం దాటబోతున్నారు!

అంతలో హైదరాబాదునుంచి వీసాలు చూసే ఏజెంటు ఫోను చేశాడు. తాతబ్బాయి స్పీకరు పెట్టాడు.

"మేడమ్, మీరు రాసిన ఓష్ ఉజ్బెకిస్తాన్‌లో లేదండి. కిర్గిజ్‌స్తాన్‌లో ఉందండి. ఒక్కసారి ప్రవేశమంటే, అటు వెళ్ళాక మళ్ళీ ఇటు రానివ్వరు."

"చూడు నాయనా," అంది కమలారత్నం, "నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పిన మనిషిని. నువ్వు నాకు ఓష్ ఎక్కడుందో చెప్పకు" అని ఫోను పెట్టించేసింది. తర్వాత తమ్ముడి సెల్లు తీసుకుని వెతికింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, తన ఎర్రగీతని చూసింది.

గీత ఓష్‌కి కుడిపక్కగా పోయింది. పోవలసింది ఎడమపక్కన. తేడా వడ్లగింజంత. ఆ అరచెయ్యంత పేపరు ముక్కలో సిరా అలుక్కుపోయి ఉంటుంది, ఆమె పొరబడింది. నాకు ఆ వడ్లగింజ మొయ్యలేనంత బరువనిపించింది.

"అయ్యో, ఆ దేశం వీసా కూడా తీసుకుని, ఇది రెండు ప్రవేశాలకి మార్పించుకుంటే సరిపోద్ది కదే. దాని కోసం అంతలా అయిపోతావేంటి?" అన్నాడు తాతబ్బాయి.

"వీసా కాదురా." ఆమె గొంతు మొదటిసారి చిన్నదైపోయింది. "ఎన్ని బ్యాచీలకి చెప్పానో తెలుసా? బెత్తం పెట్టి మరీ చూపించాను. తప్పు చెప్పిన మనిషిని, పెద్ద తెలిసినదానిలా అక్కడికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

సూదులు పీకేసింది. నన్ను చుట్టచుట్టి అటక మీదకి తోయించింది. ప్రయాణం లేదంది.

వారం గడిచింది. కింద ఇంజను విప్పిన ముక్కలు అలాగే ఉన్నాయి. తాతబ్బాయి వాటిని ముట్టుకోలేదు. ఎనిమిదో రోజున ఆమె టీ పట్టుకుని షెడ్డుకి వచ్చినప్పుడు అతనికి ఒళ్ళు మండింది.

"నేను బిగించిన బోల్టు దారిలో ఊడిపోయిందనుకో. షెడ్డు మూసేత్తానా? ఆ బండోణ్ణి పిలిచి, తప్పయిపోయింది బాబూ అని మళ్ళీ బిగిస్తాను. అంతే కదా పని!"

"నీది ఒక బండి. నావి వందల బుర్రలు."

"అయితే పిలూ ఆ బుర్రల్ని!"

ఆమె టీ తాగడం ఆపేసింది. "పిలుస్తాను" అంది. "వాళ్ళకి ఒప్పు చెప్పాకే గడప దాటుతాను. చెప్పలేకపోతే బండి అమ్మేసుకో."

కబురు ఊరూరా పాకింది. ఆదివారం పొద్దున్న మా పాత తరగతి గదిలోకి అరవై మంది దాకా వచ్చారు. బట్టతలలు, బొజ్జలు, చంకల్లో పిల్లలు. చేపల చెరువుల వాళ్ళు, లారీల వాళ్ళు, ఒక సర్పంచి. అందరూ చిన్న బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. నన్ను మళ్ళీ గోడకి వేలాడదీశారు. కమలారత్నం బెత్తం పట్టుకుంది.

"పిల్లలూ, నేను మీకు ఒక తప్పు చెప్పాను. ఓష్ ఉజ్బెకిస్తాన్‌లో లేదు. కిర్గిజ్‌స్తాన్‌లో ఉంది. ఈ గీత నేను తప్పు గీశాను. నన్ను క్షమించండి."

వెనక బెంచీలోంచి ఒక లారీ యజమాని చెయ్యెత్తాడు. "టీచరుగారండి, తప్పుగా అనుకోకండి. ఓష్ అని ఒక ఊరుందనే మాకు గుర్తులేదండి." గదంతా ఘొల్లుమంది. "బెత్తం దెబ్బలు మాత్రం గుర్తున్నాయండి!" అని ఇంకెవరో. ఆమె ఇన్నాళ్ళూ పడ్డ బాధని ఇంత తేలిగ్గా ఊదిపారేస్తారా అని నాకు కోపమొచ్చింది. ఆమెకి నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి.

నవ్వులు తగ్గాక తలుపు దగ్గర ఒకామె లేచి నిలబడింది. డ్యూటీనుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా, భుజాన కండక్టరు సంచి.

"నాకు గుర్తుందండి టీచరుగారూ. నేను సత్యవేణినండి, తొంభై తొమ్మిది బ్యాచి. క్వార్టర్లీ పరీక్షలో పటంలో ఊళ్ళు గుర్తించమంటే నేను ఓష్‌ని కిర్గిజ్‌స్తాన్‌లో పెట్టానండి. మా బాబాయి తెచ్చిన అట్లాసులో చూసి పెట్టాను. మీరు మార్కు కొట్టేశారు. నేను అడిగితే, మన పటం చూసి మాట్లాడు అన్నారండి."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. మన పటం అంటే నేనే. నన్ను చూపించి ఒక పిల్ల నోరు మూయించారు. నిజం చెప్పిన పిల్ల నా ముందు తల దించుకుని వెళ్ళి కూర్చుంది, నేను నిగనిగలాడుతూ వేలాడుతూనే ఉన్నాను. సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

కమలారత్నం బెత్తం కింద పెట్టింది. బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్ళి, సత్యవేణి ఎదురుగా నిలబడింది. "అప్పుడు నువ్వు ఒప్పు, నేను తప్పు. అయినా గట్టిగా మాట్లాడింది నేనే. మన్నించమ్మా" అంది. సత్యవేణి కంగారుపడి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే భుజం పట్టుకుని లేపి, చేతిలో పెన్ను పెట్టింది. "రా. నువ్వే గియ్యి."

సత్యవేణి సంచి తీసి పక్కన పెట్టి నా ముందుకి వచ్చింది. రోజుకి వందల టిక్కెట్లు చింపే ఆ చెయ్యి భలే నిదానంగా, ఓష్‌కి ఎడమపక్కగా, వడ్లగింజంత దూరంలో ఒక గీత గీసింది. తాతబ్బాయి వంగి చూసి, "ఇప్పుడు బిగిసింది" అన్నాడు. కమలారత్నం ఆ పెన్ను తీసుకుని, పాత గీతని కొట్టేసి, నా అంచున ఖాళీలో రాసింది: సత్యవేణి, తొంభై తొమ్మిది బ్యాచి, ఒక మార్కు. కింద సంతకం, తేదీ.

ఆమె ఇప్పుడు దారిలో ఉంది. నిన్న మొన్నటికి సమర్కందు దాటారట. నేను ఈ తరగతి గదిలోనే ఉన్నాను, ఆమె అడిగి మరీ నన్ను మళ్ళీ ఇక్కడ పెట్టించింది. కొత్త పిల్లలు వచ్చి ఆ కొట్టివేత ఏమిటని అడుగుతారు, మాస్టార్లు చెబుతారు. దేశాలు అచ్చువేసిన పటాలు ఎన్నో ఉంటాయి. మార్కు తిరిగి ఇచ్చిన పటాన్ని నేను.