ఎర్రగుడ్డ కట్టిన గెడ

నేను ఒక వెదురు గెడను. కొల్లేట్లో తాటిదోనెను తోసే గెడను. దోనె పైన తేలుతుంది, మెప్పంతా దానికే. నేను నీళ్లలోకి దిగి, అడుగున బురదను తన్ని, మళ్లీ పైకొస్తాను. అందుకే సరస్సు నాకు పైనా తెలుసు, కిందా తెలుసు.

పుట్టింది కొండల్లో. నరికినవాడి ముఖం గుర్తులేదు. వాడూ నన్ను చూడలేదు, నా పొడుగే చూశాడు. లారీ ఎక్కి ఏలూరు కలప అడితికి వచ్చాను. అక్కడ నన్ను కొన్నవాడు ఏడుకొండలు. రెల్లులంకలో చేపలు పట్టుకు బతికే మనిషి, మాట తక్కువ. గడ్డిమంట మీద నన్ను కాచి, మోకాలు ఆనించి నా వంకరలు తీశాడు. ఒకచోట మంట ఎక్కువై ఒళ్లు నల్లగా కమిలింది. "పోన్లే, గుర్తుంటది" అన్నాడు. కాల్చినవాడికి అది గుర్తు. కాలినవాడిని ఎవరూ అడగరు.

అతను వేటకు పోని పూట నేను పిల్లల పాలు. గెడ వేసేది కూతురు తాయారు. కొడుకు పెద్దిరాజు దోనె ముందు కూర్చుని హుకుం చేస్తాడు. వాళ్లు పోయేది దిబ్బలకు. నీళ్ల నడుమ లేచిన చిన్న చిన్న లంకలవి, మనిషి కాపురం లేనివి. పొద్దుటి మంచులో వాటికి అడుగు కనిపించదు. ఎవరో నిద్రలో కని మరిచిపోయినట్టు గాల్లో తేలుతుంటాయి. చప్పుడైతే కరిగిపోతాయేమోనని తాయారు నన్ను మెల్లగా ముంచేది, ఇంకా మెల్లగా తీసేది. నా ఒంటి మీంచి జారే నీటిబొట్ల చప్పుడు కూడా ఎక్కువే అనిపించేది.

ఒక దిబ్బ నిండా గూడకొంగలు. ఒక దిబ్బ మీద కిక్కిస గడ్డికి చుట్టుకున్న పాము కుబుసం. పెద్దిరాజు దాన్ని మెడలో వేసుకుని దేవుణ్ణన్నాడు. తాబేలు ఒకటి వాణ్ణి చాలాసేపు చూసి, ఈ దేవుడు పనికిరాడనుకుందేమో, నీళ్లలోకి జారింది. పిల్లలు అక్కడ ఏదీ పట్టుకునేవాళ్లు కాదు. పొట్టల మీద పడుకుని చూసేవాళ్లు, అంతే. పెద్దయ్యాక మనుషులు మానేసే పనుల్లో అదొకటి.

చివరి దిబ్బ మీద, జమ్ము వేళ్ల కింద బొరియలో, నీటికుక్క పిల్లలు దొరికాయి. మూడు. కళ్లు అప్పుడే తెరిచినట్టున్నాయి. పిట్టల్లా కూస్తూ ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. తల్లి నీళ్లలో నిలువుగా తల ఎత్తి, తన పిల్లల్ని చూస్తున్న ఈ పిల్లల్ని చూసింది. తాయారు నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చేతిలో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఆ వేళ్లల్లో గుండె కొట్టుకుంది.

ఆ సాయంత్రమే ఏడుకొండలు చిరిగిన వలను వాకిట్లో పరిచాడు.

"దొంగసచ్చినయ్యి, ఎట్టా కొరికినయ్యో చూడు" అన్నాడు బావమరిది కన్నయ్యతో.

"నీటికుక్కలే బావా. ఆ దిబ్బల్లోనే ఎక్కడో పిల్లల్ని పెట్టుంటది. ఎల్లుండి నలుగురం కర్రలు తీసుకుని గాలిద్దాం."

తాయారు అన్నం సగంలో వదిలేసి లేచింది.

కొల్లేట్లో ఒక కట్టుబాటు ఉంది. గెడ పాతి ఎర్రగుడ్డ కడితే, అక్కడ ఎవరో నీళ్లలో మావులు పెట్టినట్టు. చేపలు పడే ఆ వెదురుబుట్టల దరిదాపులకు ఇంకొకరి దోనె పోకూడదు. పాతిన గెడను పాతినవాడే పీకాలి. మావులు లేకుండా దొంగగుడ్డ కట్టినవాణ్ణి కులపెద్దలు ఊరందరి ముందు నిలబెట్టి జరిమానా వేస్తారు. తండ్రుల నోట విన్న ఈ కట్టును పిల్లలు తండ్రుల మీదికే తిప్పారు. మర్నాడు ఆ దిబ్బ ఒడ్డున తాయారు నన్ను బలమంతా పెట్టి బురదలోకి దించింది. తమ్ముడి ఎర్రచొక్కా చెయ్యి చించి నా తలకు కట్టింది.

"అమ్మ చంపుద్ది" అన్నాడు పెద్దిరాజు, చొక్కా చూసుకుని.

"నిన్ను చంపితే ఏడుస్తాంలే. వాటిని చంపితే ఏడ్చేవాళ్లు ఎవరున్నారు?"

వాడు ఇంకో సంగతి అడిగాడు. "అక్కా, గెడ ఇక్కడ పాతేశాం. మరి ఇంటికెట్టా పోతాం?"

తాయారుకు అప్పుడు తట్టింది. నా వంక చూసింది, నీళ్ల వంక చూసింది. పీకుదామని చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. ఇద్దరూ దోనెలో బోర్లా పడుకుని, అక్క చేతులతో, తమ్ముడు అన్నం క్యారేజీ మూతతో నీళ్లు తోసుకుంటూ వెళ్లారు. ఎండలో నలుసంతయి, వెలుతురులో కలిసిపోయారు. గెడ చెయ్యిజారి కొట్టుకుపోయిందని ఇంట్లో చెప్పారట. దెబ్బలు తిన్నారట.

మరుసటి రోజు మగాళ్లు వచ్చారు. కొత్త గెడతో ఏడుకొండలు, వెనక దోనెలో కన్నయ్య.

"ఎవడ్రా ఇక్కడ మావులేసింది? మొన్నటిదాకా లేవే!" అన్నాడు కన్నయ్య.

ఏడుకొండలు నా నల్లమచ్చను చూశాడు. పైకి చూశాడు. గాలికి కొడుకు చొక్కా చెయ్యి ఊగుతోంది. బొరియలోంచి సన్నగా కూత.

"వింటన్నావా బావా? ఇక్కడే ఉన్నయ్యి. గెడ పీకేద్దామా?"

"పాతిన గెడ పీకుతావా? మతిపోయిందా నీకు? పద, పద."

దయ అనుకునేరు. తన పిల్లలు దొంగగుడ్డ కట్టారని తెలిస్తే తలెత్తుకోలేడు. గెడ తనదేనని చెబితే పరువు పోతుంది. ఆ పరువే మూడు ప్రాణాలకు అడ్డుపడింది. మనుషుల మంచితనం చాలావరకు ఇలాంటిదే.

కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున ఏడుకొండలు ఒక్కడే వచ్చాడు. మంచు దట్టంగా ఉంది. నా మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. తల్లి నీటికుక్క పిల్లల్ని దింపుతోంది. ఒకదాన్ని మెడ పట్టి తీసుకుపోయింది, వచ్చి రెండోదాన్ని. మూడోది ఆగలేక తనే దూకి, మునిగి, తేలి, ఆశ్చర్యంగా తుమ్మింది. అన్నీ వరసగా ఈదుకుంటూ కిక్కిసలోకి వెళ్లిపోయాయి. నీటి మీద గీతలు మిగిలాయి, తరవాత అవీ పోయాయి. ఏడుకొండలు నవ్వాడు. ఆ నవ్వు ఇంటికి మాత్రం తీసుకెళ్లలేదు.

ఎర్రగుడ్డ విప్పి నీళ్లలో పారేసి, నన్ను పీకి దోనెలో వేసుకున్నాడు.

నన్ను చూడగానే తాయారు ముఖం పాలిపోయింది. గెడ ఇంటికొచ్చిందంటే దిబ్బకు కాపలా పోయినట్టే. ఎర్రగుడ్డ లేదని తెలిసి ఆ పొద్దునే కన్నయ్య వాళ్లు కర్రలతో అటు వెళ్లారు కూడా. ఖాళీ బొరియ చూసి తిట్టుకుని ఉంటారు. ఆ సంగతి వాళ్లను అడిగే ధైర్యం తాయారుకు ఎక్కడిది?

"నాన్నా, పిల్లలు..." అంది.

"అన్నం తిను" అన్నాడు.

తినలేదు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ దిగులు ఒక్క మాటతో పోయేది. ఆ మాట నాకు తెలుసు, నాకు నోరు లేదు. అతనికి ఉంది. చెబితే పిల్లలకు లొంగినట్టని అతని లెక్క. అలాంటివాణ్ణి క్షమించడం ఎలాగో నాకు తెలియదు. నేర్చుకోదలచలేదు కూడా. ఆ తరవాత తాయారు దిబ్బలకు పోలేదు.

కొన్ని నెలలకు నా కొస చీలింది. చీలిన ముక్క కోసేసి, పెరట్లో బట్టల తాడుకు ఊతంగా నిలబెట్టారు. నీళ్లు దూరం. తడిబట్టలు బొట్లు రాల్చినప్పుడు మాత్రం కళ్లముందు మంచు కమ్ముతుంది, దిబ్బలు తేలుతాయి.

నిన్న తాయారు బట్టలు ఆరేస్తోంది. పెద్దిరాజు వచ్చి నన్ను ఆనుకున్నాడు.

"అక్కా, అవి బతికుంటే ఇప్పటికి ఎంతయ్యుండేవి?"

ఆమె చేతిలోని తడిబట్టను తాడు మీద వేసింది. తరవాత నా ఒంటి మీద ఒక కణుపు దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. "ఇంత."

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఏడుకొండలు చేతిలో సూది ఆగింది. తలెత్తి ఆ చేతినే చూశాడు. నోరు తెరిచాడు.

దారం కొరికి, మళ్లీ ముడి వేయసాగాడు.