చేతిలో తెరుచుకున్న పేజీ

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. హాల్లో పేపరు చదువుతున్న బాబూరావు, వంటింట్లో ఆయన కోడలు సుకన్య, వెనక గదిలో పుస్తకాలకు ఫోటోలు తీస్తున్న సైదాబీ.

సైదాబీ పుస్తకాన్ని ఎడమ అరచేతిలో నిలబెట్టి వదిలింది. అది తనంతట తాను మధ్యలో ఎక్కడో తెరుచుకుంది. ఆ పేజీని లైటు కిందికి జరిపి, స్టాండుకు బిగించిన ఫోనుతో ఫోటో తీసింది. తర్వాత ఆఖరి పేజీ. వంగి వంగి మెడ పట్టేసింది.

నరసరావుపేట బస్టాండు దగ్గర బాబూరావు పుస్తకాల కొట్లో ఆమె ఇరవై రెండేళ్లు దుమ్ము దులిపింది. కొట్టు మూసి రెండేళ్లయింది. మిగిలిన పుస్తకాలను సుకన్య ఫోనులోనే అమ్ముతోంది. కొనేముందు జనం చూసుకోవడానికి ఒక్కో పుస్తకంలో పది పేజీలు పెట్టాలి.

"మొదటి పది పేజీలు తియ్యి" అని సుకన్య చెప్పినప్పుడు సైదాబీ తలూపింది. కానీ కొట్లో మొదటి పేజీ నుంచి చదివినవాళ్లెవరూ ఆమెకు గుర్తు రాలేదు. కోర్టు గుమాస్తా మధ్యలో తెరిచేవాడు. ఈపూరు టీచరు ప్రభావతి ముందు ఆఖరి పేజీ చూసి, ఎవరూ చచ్చిపోలేదంటేనే కొనేది. కాలేజీ పిల్లలు పుస్తకాన్ని వాసన చూసేవాళ్లు. ఆ ఒక్కటీ ఫోనులో ఎలా పెట్టాలో సైదాబీకి తెలియలేదు. మిగతావన్నీ పెట్టింది.

భర్త మౌలాలీ పోయాక బరంపేటలో ఆమెది ఒక్క గది. పొద్దున తను వేసిన తాళం సాయంత్రం తనే తీయాలి. ఇక్కడైతే ప్రతి పుస్తకం కింద ఎంతమంది చూశారో ఫోనులో అంకె కనబడుతుంది. ముప్పై ఒకటి అని ఉంటే, ముప్పై ఒక్కమంది అలమర ముందు నిలబడి కాళ్లు మార్చుకుంటున్నట్టే ఆమెకు తోచేది.

సుకన్య ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఏంది సైదాబీ ఇది? నవల ఆఖరి పేజీ పెట్టావేంది?"

"చూస్తారమ్మా. అది చూడందే ప్రభావతమ్మ గారు కొనేదే కాదు."

"ఆమె ఒక్కతి కోసం ఊరందరికీ హంతకుడెవరో చెప్పేస్తావా? అన్నీ ఇట్టాగే తీశావా?"

"చేతిలో ఏడ తెరుచుకుంటే ఆడ తీశానమ్మా. కొట్లో అట్టాగే గదా చూసేది."

"కొట్టు లేదు గదా ఇప్పుడు."

హాల్లోంచి బాబూరావు అన్నాడు. "పోనీలే అమ్మాయ్. ఆ పేజీలు తీసేస్తే పోద్ది."

"మీరుండండి మామయ్యా. సత్తెనపల్లిలో మిషనుతో తీసేవాళ్లున్నారు. రేపట్నించి వాళ్లకే ఇస్తున్నా."

సైదాబీ ఫోను స్టాండు పట్టుకునే నిలబడింది. "మళ్లీ మొదట్నించి తీస్తానమ్మా. అన్నీ తీస్తా. ఊరికే తీస్తా. ఇంటికాడ మాత్రం నాకేం పనుంది?"

"నీకు మెడ నొప్పి చానా ఎక్కువైంది గదా. ఇంటికాడ రెస్ట్ తీసుకో."

సైదాబీ కొంగు దులుపుకుంది. హాలు దాటుతుంటే బాబూరావు పేపరు దించాడు.

"ఏ పుస్తకం దగ్గర ఆపావే?"

"ఎర్రట్టదయ్యా. చేపల పెంపకం."

"ఇరవై ఏళ్లు అందరూ తిరగేశారు. ఒక్కడూ కొన్లా" అన్నాడాయన. నవ్వబోయి, మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

సైదాబీ మెట్టు దిగి చెప్పులు వేసుకుంటుండగా వెనక సుకన్య తలుపు మూసింది. గడియ పడింది.

లోపల లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. దాని కింద, పేజీ తిప్పడానికి వేలు తడుపుకునే స్పాంజి డబ్బా. స్పాంజి నడుమ ఆమె వేలు పడి పడి ఏర్పడిన గుంటలో కాసిని నీళ్లు.