రెండో బ్రేకు

లాయ్ మాస్టారు కుడికాలి బూటు విప్పి, నేర్పేవాళ్ళ కోసం తన వైపు అమర్చిన రెండో బ్రేకు పక్కన పెట్టారు. ఆ కాలిని మడిచి తొడ కిందకి లాక్కుని, సీటులో సర్దుకుని కూర్చున్నారు. మోకాలు కటుక్కుమంది.

"పోనియ్యి," అన్నారు.

ఆ-సియూ పోనివ్వలేదు. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, ముందు ఆయన మోకాలి వంక, తర్వాత ఆయన ముందు ఖాళీగా ఉన్న బ్రేకు వంక చూసింది.

"ఆ కాలు కిందికి దించండి మాస్టారూ. మీరు కాలు ముడుచుకుంటే నా ప్రాణం ముడుచుకుంటోంది."

"నా కాలు కింద ఉంటే బండి నువ్వు నడపవు, అది నడుపుతుంది. పోనియ్యమ్మాయ్."

అమ్మాయికి యాభై నాలుగేళ్ళు. ఎండకి కమిలిన మొహం, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని వెల్లుల్లి వాసన. చేలో పనికి కట్టుకునే పూల గుడ్డ టోపీ ఇక్కడికీ కట్టుకొచ్చేది. మాస్టారు మాత్రం ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నున్నగా వెనక్కి దువ్విన నాలుగు వెంట్రుకలతో బ్యాంకు గుమాస్తాలా ఉండేవారు. పాదాల దగ్గరికొచ్చేసరికే ఆ మర్యాద కాస్తా గంగలో కలిసేది. కారు దిగేటప్పుడు ఒంగి మళ్ళీ బూటు తొడుక్కోవడానికి బద్ధకం. తలుపు అరలో దాచుకున్న నీలం రబ్బరు చెప్పు కుడికాలికి తగిలించుకుని, ఎడమకాలి బూటుతోనే తిరిగేవారు. హువెయి ఊరి చివర, చెరుకు తోటల మధ్య ఉన్న ఆ డ్రైవింగు స్కూల్లో ఆ అవతారాన్ని చూసి నవ్వడం అందరూ ఎప్పుడో మానేశారు.

కారు కదిలింది. వంకర దారిలో రెండుసార్లు గీత తొక్కింది, రెండుసార్లూ గంట మోగింది. చెరుకు నరికే రోజులు కావడంతో గాలంతా బెల్లం కాగుతున్న వాసన. ఆ-సియూకి అదేమీ పట్టలేదు. రేపే పరీక్ష, ఈ స్కూలు మైదానంలోనే, ఈ కారులోనే. ఇప్పటికే మూడుసార్లు తప్పింది. మొగుడికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కాలూ చెయ్యీ ఆడించే వైద్యానికి అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. వాళ్ళ ఊరికి బస్సు ఎప్పుడొస్తుందో ఆ ఊరి దేవతకే తెలియాలి. ఇంట్లో చిన్న ట్రక్కుంది, అతను పడిపోయిన రోజు నుంచీ పాక కింద అలాగే ఉంది. ఈసారీ తప్పితే బండి తను తోలుకుపోతానని మరిది చెప్పేశాడు. తుప్పు పట్టించడం దేనికని అతని వాదన, అందులో తప్పూ లేదు. కానీ ఆ బండి గుమ్మం దాటిన రోజున మంచం మీద మనిషి ఇక లేవనని తేల్చుకుంటాడు. ఆ-సియూ భయమల్లా అదే.

బండిని వెనక్కి నడిపి, నేల మీద గీతలతో గీసిన గదిలో పెట్టే చోటికొచ్చి ఆమె ఆపేసింది. "మాస్టారూ, గుంజ ఏ అద్దంలో కనిపించాక తిప్పాలి?"

మాస్టారు కిటికీలోంచి చెరుకు తోట చూస్తూ కూర్చున్నారు.

ఆమె అడిగినదాంట్లో వింతేమీ లేదు. ఆ మైదానంలో బండి నేర్పడమంటే గుర్తులు నేర్పడమే. మూడో గుంజ చిన్న అద్దంలోకి రాగానే చక్రం పూర్తిగా కుడికి, పసుపు పట్టీ అద్దం కిందికి జారగానే తిన్నగా. నేర్పేవాళ్ళు చెప్తారు, నేర్చుకునేవాళ్ళు జపిస్తారు, పరీక్ష గట్టెక్కుతుంది. ఒకప్పుడు ఆ గుర్తులు పెట్టడంలో లాయ్ మాస్టారిని మించినవాడు లేడు. సొంత భార్య మేయ్-యుంకి కూడా అలాగే నేర్పారు. మొదటిసారికే గట్టెక్కింది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ పుట్టింటికి తనే బండి నడుపుకుంటూ వెళ్ళింది. వాకిట్లో వెనక్కి తిప్పుతూ తిప్పుతూ సగంలో ఆపి, తల బయటపెట్టి, గుంజ ఏదీ అని అడిగింది. అడుగుతూనే బాతుల గూడు మీదికి ఎక్కించింది. బాతులు ఊరంతా పరిగెత్తాయి. చుట్టాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, ఆవిడా నవ్వింది. రాత్రి అన్నం వడ్డిస్తూ మాత్రం, "నువ్వు నాకు బండి నేర్పలేదు. ఆ గుంజల్ని నేర్పావు," అంది. మళ్ళీ జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. ఆవిడ పోయి మూడేళ్ళు. బాతు కనిపిస్తే చాలు, మాస్టారు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటారు.

బాతుల గొడవ జరిగిన మర్నాడే ఆయన తన కారు అద్దాల మీద గుర్తుల కోసం అంటించిన పట్టీలన్నీ గోళ్ళతో గీకేశారు. గుర్తులు పోయాయి సరే, వాటి చోట ఏం పెట్టాలో తెలియలేదు. కొన్నాళ్ళు అరిచి నేర్పారు, నేర్చుకునేవాళ్ళు ఏడ్చారు. కొన్నాళ్ళు నోరు మూసుకుని బ్రేకు తొక్కారు, వాళ్ళు ఆయన కాలి మీద భారం వేసి హాయిగా నిద్రపోయారు. ప్రమాదం ముంచుకొచ్చే ముందు తన పాదం కదలడం కోసమే అందరూ ఎదురుచూస్తున్నారని అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. అప్పటినుంచి, బండి కాస్త చేతికొచ్చినవాళ్ళ దగ్గర బూటు విప్పడం మొదలుపెట్టారు. దానివల్ల ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఆలస్యమయ్యేది, పరీక్ష తప్పేవాళ్ళూ ఎక్కువే. ఆయన్ని కోరి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి మిగతావాళ్ళు వదిలేసినవాళ్ళే ఆయన వాటాకి వచ్చేవారు, ఆ-సియూలాగా.

మధ్యాహ్నం డబ్బా భోజనం దగ్గర యజమాని హుంగ్ మళ్ళీ అడిగాడు. ఆఫీసు గోడ మీద మాస్టర్లందరి ఫోటోలు, ఒక్కొక్కరి కింద ఒక్కో వాక్యం ఉన్నాయి. 'సహనమే నా బలం' అని పొద్దస్తమానం కేకలేసే ఆయన రాయించుకున్నాడు. లాయ్ మాస్టారి ఫోటో కింద మాత్రం ఖాళీ.

"ఒక్క ముక్క చెప్పండి మాస్టారూ. మీరెలా నేర్పుతారో అదే చెప్పండి. బోర్డు కొత్తగా రాయిస్తున్నా."

మాస్టారు ఉడికించిన గుడ్డును సగం చేసి, పచ్చసొన అన్నంలో కలుపుకుంటూ ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. ఇన్నేళ్ళ పనికి ఒక్క వాక్యమైనా లేకపోవడం ఆయనకీ చిన్నతనంగానే ఉంది. "సాయంత్రం చెప్తాలే," అన్నారు. ఎందుకో ఎడమ భుజం రుద్దుకుని, టీ తాగి లేచారు.

మధ్యాహ్నం పాఠంలో గంట ఇంకా ఎక్కువగా మోగింది. చివరికి ఆ-సియూ ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టేసింది.

"నా వల్ల కాదు. బండి మరిదికే ఇచ్చేస్తాను."

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "మీ ఆయన పాకలోకి బండి ఎలా పెట్టేవాడు?"

"నేను వెనక నిలబడి చెప్పేదాన్ని. రా, రా, కొంచెం ఇటు, చాలు, అని. బండి డొక్క మీద చేత్తో కొట్టేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ."

"ఒక్కసారైనా గోడకి కొట్టించావా?"

ఆమె తలెత్తింది. "నేనుండగా ఎలా కొడుతుంది?"

"మరింకేం. ఇన్నాళ్ళూ పాకలో బండి పెట్టింది నువ్వే. ఆయన చక్రం తిప్పాడంతే. ఇప్పుడు వెనకా నువ్వే నిలబడు, లోపలా నువ్వే కూర్చో."

ఆమె ఇంజను మళ్ళీ వేసింది. చాలాసేపు వెనక అద్దంలోకి చూసింది. పెదాలు కదిలాయి. రా, రా, కొంచెం ఇటు. కారు నెమ్మదిగా వెనక్కి జరిగింది. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. గంట మోగలేదు. ఆమె అరచేత్తో తలుపు మీద ఒక దెబ్బ కొట్టింది, పాత అలవాటు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు.

అప్పుడు మాస్టారు చెప్పు తగిలించుకుని కారు దిగిపోయారు.

"ఎక్కడికి?"

"రేపు పరీక్షలో ఈ సీటు ఖాళీగా ఉంటుంది. మీ ఇంటి దగ్గరా ఖాళీయే. ఇవాళే అలవాటు చేసుకో. నేనక్కడ కూర్చుంటాను."

నేర్పడానికి కట్టిన ఉత్తుత్తి రైలు గేటు పక్కన, రేకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో టపటపలాడిస్తూ వెళ్ళి అందులో కూర్చున్నారు. ఆ-సియూ ఒక్కతే బయల్దేరింది. వంకర దారి, ఎత్తు, వెనక్కి గదిలోకి, అన్నీ అయ్యాయి. గేటు దగ్గర నియమం ప్రకారం ఆగి, అద్దం దించి, అటూ ఇటూ చూసింది. మాస్టారు చెయ్యెత్తి, వెళ్ళు వెళ్ళు అన్నట్టు ఊపారు.

రెండో చుట్టులో అక్కడికొచ్చి అద్దం దించేసరికి ఆయన గడ్డం గుండె మీదికి వాలి ఉంది. దూరంగా నిజం రైలు, మిల్లుకి చెరుకు లాక్కెళ్ళే చిన్నది, కూత వేసుకుంటూ పోయింది. ఆయన కదల్లేదు. పాపం అలసిపోయారనుకుంది. గంట మోగితే నిద్ర చెడుతుందని మరింత జాగ్రత్తగా, ఒక్క గీత కూడా తొక్కకుండా ఇంకో చుట్టు తిప్పింది. అంత బాగా ఆమె అంతకు ముందెప్పుడూ నడపలేదు. కారు ఆపి, ఆ మాట చెబుదామని దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాక తెలిసింది.

వచ్చే నెల పరీక్షకి రావచ్చని హుంగ్ చెప్పాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన ఆ-సియూ ఒప్పుకోలేదు. పరీక్ష రేపని మాస్టారు చెప్పారు, అంతే. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చింది. ఆఫీసులో హుంగ్ ఆ ఫోటో ముందు నిలబడి ఉన్నాడు. అతని కళ్ళూ బాగాలేవు.

"సాయంత్రం చెప్తానన్నారు. అక్కా, నీకేమైనా చెప్పేవారా, ఎప్పుడూ అనే మాట ఏదైనా?"

ఆమె ఆలోచించింది. "ఏమీ చెప్పేవారు కాదు. కాలు తీసేసేవారు."

హుంగ్ తల ఊపాడు. ఆ బోర్డు మీద ఏం రాయించాలో అతనికి తోచలేదు.

మైకులో ఆమె పేరు పిలిచారు. కారెక్కి, టోపీ ముడి బిగించుకుని, పక్క సీటు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. రాత్రి ఎవరూ కారు తుడవలేదు. సీటు ముందున్న రబ్బరు పట్టా మీద, రెండో బ్రేకుకి బెత్తెడు ఎడంగా, మడమ దగ్గర అరిగిన గోధుమరంగు బూటు ఒక్కటి, లేసు విప్పి, ముక్కు తలుపు వైపుకి తిరిగి ఉంది.